తిరుపతి నుంచి హైదరాబాదుకు ఏ బండి ఎక్కాలి: నాలుగు దార్ల లెక్క

సాయంత్రం పూట తిరుపతి స్టేషన్ నుంచి హైదరాబాదు బండ్లు ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి. రాయలసీమ, పద్మావతి, నారాయణాద్రి, వెంకటాద్రి. చాలామంది పేరు కూడా చూడకుండా ఏది ఖాళీ ఉంటే అది బుక్ చేసేస్తారు. తెల్లారితే ఎలాగూ హైదరాబాదే కదా అనుకుంటారు. కానీ ఈ నాలుగూ వెళ్లే దారులు నాలుగు. రేణిగుంట దాటగానే రెండు శ్రీకాళహస్తి, గూడూరు వైపు పోతాయి, రెండు కోడూరు, కడప వైపు పోతాయి. ఆ పైన మళ్లీ చీలతాయి. ఏ దారిన వెళ్తుందన్న దాన్ని బట్టే బండి ఎక్కడ ఆలస్యమవుతుంది, నగరంలో ఏ మూల దింపుతుంది, వానల్లో నడుస్తుందా లేదా అన్నవన్నీ తేలతాయి. అందుకే ఇక్కడ బండ్లను పేర్ల వారీగా కాకుండా దార్ల వారీగా చూద్దాం.

ముందు ఒక మాట. సూపర్‌ఫాస్ట్ అన్న పేరును చూసి మోజు పడొద్దు. రైల్వే లెక్కలో బ్రాడ్‌గేజ్ బండికి మొత్తం ప్రయాణం మీద సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లు ఉంటే చాలు, ఆ పేరు వస్తుంది. దానికి స్లీపర్‌లో 30 రూపాయలు, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీల్లో 45 రూపాయలు అదనంగా పడతాయి. రాత్రి బండ్లన్నీ ఈ గీతకు కాస్త అటూ ఇటూగానే నడుస్తాయి కాబట్టి వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. నిజంగా వేగమైనది వందేభారత్ ఒక్కటే, దాని సంగతి వేరేగా చెప్పుకోవాలి.

మొదటిది గుంటూరు దారి. గూడూరు, నెల్లూరు, ఒంగోలు, చీరాల, బాపట్ల, తెనాలి దాకా మెయిన్ లైను మీద పోయి, అక్కడ మళ్లి గుంటూరు, సత్తెనపల్లి, నడికుడి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా సికింద్రాబాదు చేరుతుంది. సుమారు 661 కిలోమీటర్లు. నారాయణాద్రి (12733) ఈ దారిదే. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో బయల్దేరి, తెల్లవారుజామున సికింద్రాబాదు దాటి లింగంపల్లి దాకా వెళ్తుంది. ఈ బండికి ఇంత గిరాకీ ఎందుకంటే, రాత్రి భోజనం చేసి పడుకుంటే లేచేసరికి ఊరు వచ్చేస్తుంది. ఆఫీసు వేళకు ముందే ఇంట్లో ఉండొచ్చు. మియాపూర్, కూకట్‌పల్లి, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉండేవాళ్లు సికింద్రాబాదులో దిగకుండా లింగంపల్లిలోనే దిగితే క్యాబ్ ఖర్చు బాగా తగ్గుతుంది. టికెట్ తీసేటప్పుడే లింగంపల్లి దాకా తీసుకోవాలి. సికింద్రాబాదు దాకా తీసుకుని తర్వాత మనసు మార్చుకుంటే మిగతా దూరానికి టికెట్ లేనట్టే.

ఈ దారికున్న లోపం గుంటూరు దాటాక కనిపిస్తుంది. నల్లపాడు నుంచి బీబీనగర్ దగ్గరున్న పగిడిపల్లి దాకా ఉన్నది చాలాకాలంగా సింగిల్ లైనే. ఎదురుగా బండి వస్తుంటే ఒకటి స్టేషన్లో లూప్ లైనులో నిలబడాల్సిందే. పైగా ఆ మధ్యలో సిమెంటు ఫ్యాక్టరీలు ఎక్కువ, గూడ్సు బండ్లకు కొదవ లేదు. ఒక బండి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే దాని ఎదురు బండ్లన్నీ వరసగా జారిపోతాయి. గుంటూరు–బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల డబ్లింగుకు, అంటే రెండో లైను వేయడానికి, కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం ఇచ్చింది. ఆ పని ముక్కలు ముక్కలుగా పూర్తయ్యే కొద్దీ నారాయణాద్రికి తెల్లవారుజామున పడే నిలుపుదలలు తగ్గాలి. అయితే పనులు జరిగే రోజుల్లో కొన్ని గంటలు లైను మూసేస్తారు, బండిని విజయవాడ మీదుగా మళ్లించడమో, రద్దు చేయడమో జరుగుతుంది. ప్రయాణానికి ముందు రోజు రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడటం ఈ దారికి తప్పనిసరి.

వందేభారత్ (20701, 20702) కూడా ఇదే పట్టాల మీద నడుస్తుంది. 2023 ఏప్రిల్ 8న మొదలైనప్పుడు ఎనిమిది పెట్టెలే. ఒక నెల తిరిగేసరికి పదహారు పెట్టెలయ్యాయి, సీట్లు 530 నుంచి 1128కి పెరిగాయి, ప్రయాణ సమయం ఎనిమిదిన్నర గంటల నుంచి పావుగంట తగ్గింది. అంటే సగటున గంటకు 80 కిలోమీటర్లు. ఈ బండి 160 మీద పరుగెత్తగలదు కానీ ఇక్కడ అంత వేగానికి పట్టాలు అనుమతించవు. గూడూరు–తెనాలి మధ్య 130 దాకా పోతుంది, గుంటూరు దాటి సింగిల్ లైనులోకి వచ్చాక ఆ ఊపు ఉండదు. రాత్రి బండి కంటే మూడు గంటలు మిగలడానికి కారణం ఇంజను బలం ఒక్కటే కాదు. మధ్యలో నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, నల్గొండ లాంటి కొన్ని చోట్లే ఆగుతుంది, మిగతా బండ్లను పక్కన పెట్టి దీనికి దారి ఇస్తారు.

దీని సీట్ల గురించి తెలుసుకుని బుక్ చేయాలి. చైర్ కార్‌లో వరసకు మూడు, రెండు చొప్పున ఐదు సీట్లు. సీట్లు తిరగవు, సగం సీట్లు బండి వెళ్లే దిశకు వీపు పెట్టి ఉంటాయి. వెనక్కి కూర్చుంటే కళ్లు తిరిగేవాళ్లకు ఎనిమిది గంటలు నరకం. ఎగ్జిక్యూటివ్ క్లాసులో మాత్రం సీటు తిప్పుకోవచ్చు, కానీ ఛార్జీ దాదాపు రెట్టింపు పడుతుంది. పెట్టె పెట్టుకోవడానికి తల మీది ర్యాక్ తప్ప సీటు కింద చోటుండదు. పెద్ద సూట్‌కేసులు, బియ్యం మూట, మామిడికాయల బుట్ట ఉంటే ఈ బండి వద్దు. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. స్టేషన్లో ఆగేది నిమిషమో రెండు నిమిషాలో, కాబట్టి నెల్లూరులో దిగి నీళ్ల సీసా కొనుక్కొద్దామన్న ఆలోచన పెట్టుకోకూడదు. భోజనం ఛార్జీలో కలిసే ఉంటుంది. అక్కర్లేదనుకుంటే బుకింగ్ సమయంలోనే వద్దని టిక్ పెట్టాలి, అంత మేరకు టికెట్ తగ్గుతుంది. పథ్యం ఉన్న పెద్దవాళ్లకు అలా చేసి ఇంటి నుంచి పెరుగన్నం కట్టివ్వడం మేలు.

వందేభారత్‌కు అసలు చిక్కు వేళలతో వస్తుంది. తిరుపతిలో మధ్యాహ్నం మూడు దాటాక బయల్దేరే బండి సికింద్రాబాదు చేరేది రాత్రి పదకొండున్నర ప్రాంతంలో. ఆ వేళకు మెట్రో మీద ఆశ పెట్టుకోకూడదు. ఆటోలు, క్యాబ్‌లు అడిగినంత ఇవ్వాల్సి వస్తుంది. బండి అరగంట ఆలస్యమైతే అర్ధరాత్రి. స్టేషన్‌కు ఎవరైనా బండి తెచ్చేవాళ్లుంటేనే ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు దీన్ని సిఫారసు చేస్తాం. నల్గొండలో, గుంటూరులో దిగేవాళ్లకు మాత్రం ఇంత మంచి బండి ఇంకోటి లేదు. వాళ్లు మరీ రాత్రి కాకముందే ఇంటికి చేరతారు. వారంలో ఒక రోజు ఇది నడవదు, ఆ రోజు ఏదో టైంటేబుల్ మారినప్పుడల్లా చూసుకోవాలి.

రెండో దారి విజయవాడ, కాజీపేట మీదుగా. పద్మావతి ఎక్స్‌ప్రెస్ (12763) ఇటు వెళ్తుంది. గుంటూరు దారి కంటే డెబ్బై, ఎనభై కిలోమీటర్లు ఎక్కువ. సాయంత్రం ఐదు ప్రాంతంలో బయల్దేరి పొద్దున్నే సికింద్రాబాదు చేరుతుంది. నేరుగా హైదరాబాదు వెళ్లేవాళ్లు దీన్ని ఏరికోరి ఎంచుకోనక్కర్లేదు. విజయవాడ, ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కాజీపేట వెళ్లేవాళ్లకు మాత్రం ఇదే సరైనది. దీని బలం ఏమిటంటే దారి పొడవునా కనీసం రెండు లైన్లుంటాయి, గూడూరు–విజయవాడ మధ్య మూడో లైను కూడా చాలావరకు పూర్తయింది. క్రాసింగ్ కోసం నిలబెట్టే బాధ ఉండదు. కానీ ఢిల్లీ–చెన్నై బండ్లన్నీ నడిచేదీ ఇదే దారి కాబట్టి వాటి వెనక వరసలో పోవాల్సి వస్తుంది. పద్మావతి రోజూ ఉండదు, ఈ విషయం మర్చిపోయి తేదీలు వేసుకునేవాళ్లు చాలామంది.

ఇదే దారిలో కృష్ణా ఎక్స్‌ప్రెస్ (17405) పగటి బండి. తెల్లవారుజామున తిరుపతిలో బయల్దేరి, చిన్నాపెద్దా స్టేషన్లన్నీ పలకరించుకుంటూ రాత్రికి సికింద్రాబాదు, ఆపైన నిజామాబాద్ మీదుగా ఆదిలాబాద్ వెళ్తుంది. హైదరాబాదు దాకా కూర్చుని వెళ్లడానికి ఇది పనికిరాదు. కానీ నెల్లూరు, ఒంగోలు, తెనాలి దాకా పగటిపూట తక్కువ ఖర్చుతో వెళ్లేవాళ్లకు ఇది చాలా ఉపయోగం.

మూడో దారి కడప, కర్నూలు మీదుగా. దీని మీద చిత్తూరు వైపు వాళ్లకు ఒక ప్రత్యేకమైన మమకారం ఉండాలి, ఎందుకంటే వెంకటాద్రి (12798) బయల్దేరేది చిత్తూరు నుంచే. పాకాల మీదుగా తిరుపతి వచ్చి, రేణిగుంట, కోడూరు, రాజంపేట, కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, డోన్, కర్నూలు, గద్వాల, మహబూబ్‌నగర్ దాటి పొద్దున్నే కాచిగూడ చేరుతుంది. చిత్తూరు, పాకాల వాళ్లు తిరుపతి వచ్చి బండి మారే పని లేకుండా సొంత ఊళ్లోనే ఎక్కొచ్చు. తిరుపతిలో ఎక్కేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది తిరుపతికి వచ్చేసరికే జనంతో ఉంటుంది, జనరల్ పెట్టెలో కిటికీ సీటు దొరకదు. చిత్తూరు–తిరుపతి మధ్య సింగిల్ లైనులో ఏదైనా ఆలస్యం జరిగితే ఆ భారం తిరుపతి ప్రయాణికుల మీద పడుతుంది. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగుకు 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకుంది, అది పూర్తయ్యేదాకా ఈ చిక్కు ఉంటుంది.

వెంకటాద్రిని నారాయణాద్రి కంటే తక్కువగా చూస్తారు కానీ ఆ చిన్నచూపు న్యాయం కాదు. రేణిగుంట నుంచి గుత్తి దాకా డబుల్ లైను. అటు సికింద్రాబాదు–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగు, విద్యుదీకరణ కూడా పూర్తయ్యాయి. వందేభారత్ మొదలైన రోజే దాన్నీ జాతికి అంకితం చేశారు. ఇక మిగిలింది మహబూబ్‌నగర్–డోన్ ముక్క. అక్కడ సింగిల్ లైను కాబట్టి కర్నూలు అటూ ఇటూ నిలబెడతారు, దాని డబ్లింగు కూడా గుంటూరు దారితో పాటే 2023లో మంజూరైంది. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, అంబర్‌పేట, ఉప్పల్ వైపు ఇళ్లున్నవాళ్లు కాచిగూడలో దిగితే సికింద్రాబాదు జనసమ్మర్దం తప్పుతుంది. కాచిగూడ చిన్న స్టేషన్, పెద్దవాళ్లను పట్టుకుని బయటికి రావడం తేలిక. రాత్రిపూట గుత్తి, డోన్ స్టేషన్లలో తిండి మీద ఆధారపడొద్దు, భోజనం తిరుపతిలోనే కట్టుకోవాలి.

నాలుగోది రాయలసీమ ఎక్స్‌ప్రెస్ (12793) దారి. కడప, గుత్తి దాకా వెంకటాద్రి దారే. అక్కడి నుంచి గుంతకల్లు, ఆదోని, మంత్రాలయం రోడ్, రాయచూరు, యాదగిరి, తాండూరు, వికారాబాద్ మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. మ్యాపులో చూస్తే ఇంత చుట్టెందుకు అనిపిస్తుంది. కానీ దాదాపు అంతా డబుల్ లైనే, నిలబెట్టే బాధ తక్కువ. పైగా ఇది వికారాబాద్ వైపు నుంచి వస్తుంది కాబట్టి నగరంలో ముందు తగిలేది లింగంపల్లి. నారాయణాద్రి నగరం ఆ చివరి నుంచి ఈ చివరికి దాటి లింగంపల్లి చేరుతుంది, రాయలసీమ లింగంపల్లి మీదుగానే లోపలికి వస్తుంది. హైటెక్ సిటీ వైపు వెళ్లేవాళ్లకు నారాయణాద్రిలో వెయిటింగ్ లిస్ట్ కనిపిస్తే వెంటనే చూడాల్సింది ఈ బండినే. నిజామాబాద్ దాకా పోతుంది కాబట్టి నిద్రలో స్టేషన్ దాటిపోకుండా అలారం పెట్టుకోవాలి.

వానాకాలం లెక్క వేరు. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి కాజీపేట దారి మూతపడింది, బండ్లను మళ్లించారు, చాలా రద్దయ్యాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, గూడూరు వైపు బండ్లు ఆగిపోయాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పొంగినప్పుడు నందలూరు, రాజంపేట దగ్గర కడప లైను కొట్టుకుపోయింది. అంటే ఏ దారీ పూర్తిగా భద్రం కాదు. అయితే ఇవన్నీ ఒకేసారి దెబ్బతినడం అరుదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముఖ్యమైన పని మీద వెళ్లేవాళ్లు వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకుని, వాయుగుండం కోస్తా వైపు ఉంటే కడప దారి బండిలో, సీమలో వానలు కుండపోతగా ఉంటే గూడూరు దారి బండిలో టికెట్ పెట్టుకోవడం తెలివైన పని. రైల్వేనే బండి రద్దు చేస్తే ఛార్జీ మొత్తం వెనక్కి వస్తుంది.

టికెట్ దొరకడం గురించి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు బుకింగ్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది, పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. శుక్ర, ఆది వారాల్లో, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల్లో నారాయణాద్రి బెర్తులు తొందరగా అయిపోతాయి. తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి. 2025 జులై నుంచి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జోడించి ఉంటేనే తత్కాల్ వస్తుంది. ఆ పని పదింటికి ఐదు నిమిషాల ముందు మొదలుపెడితే ఓటీపీల దగ్గరే బెర్తులు పోతాయి, ముందే చేసి ఉంచాలి.

వెయిటింగ్ లిస్టులో నంబరు ఒక్కటే చూసి ఆశపడొద్దు, దాని ముందున్న అక్షరాలు కూడా చూడాలి. బండి మొదలయ్యే స్టేషన్ నుంచి తీసుకుంటే జీఎన్‌డబ్ల్యూఎల్ అని ఉంటుంది, అది కదిలే అవకాశం ఎక్కువ. మధ్య స్టేషన్ల నుంచి తీసుకుంటే ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అనో పీక్యూడబ్ల్యూఎల్ అనో వస్తుంది. వాటికి కోటా చిన్నది, పదో నంబరు కూడా తేలకపోవచ్చు. అందుకే శ్రీకాళహస్తిలో, గూడూరులో ఎక్కేవాళ్లు కూడా రద్దీ రోజుల్లో తిరుపతి నుంచే టికెట్ తీసి, బోర్డింగ్ స్టేషన్ మార్చుకోవడం మంచిది. మార్చకుండా నేరుగా గూడూరులో ఎక్కబోతే అప్పటికే టీటీఈ ఆ బెర్తును ఇంకొకరికి ఇచ్చేసి ఉండొచ్చు. తిరుపతి బండ్లన్నీ నిండిపోతే చెన్నై వైపు నుంచి వచ్చే బండ్లను కూడా చూడాలి. రేణిగుంటలో ఆగే కాచిగూడ ఎక్స్‌ప్రెస్ ఉంది. గూడూరుకు బస్సులో వెళ్లగలిగితే చార్మినార్ లాంటివి ఉన్నాయి.

అమ్మానాన్నలకు టికెట్ తీసే పిల్లలు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా ఉంది కానీ అది ఒకరో ఇద్దరో మాత్రమే ఉన్న టికెట్‌కు వర్తిస్తుంది. మొత్తం ఇంటిల్లిపాదినీ ఒకే టికెట్‌లో పెడితే పెద్దవాళ్లకు పై బెర్తు పడే ప్రమాదం ఉంది. వాళ్లిద్దరికీ వేరే టికెట్ తీయాలి. కొత్త రకం (ఎల్‌హెచ్‌బీ) స్లీపర్ పెట్టెలో 80 బెర్తులు, థర్డ్ ఏసీలో 72. పెట్టెకు రెండు చివర్లా ఉండే ఎనిమిదేసి బెర్తులు మరుగుదొడ్ల పక్కన పడతాయి, రాత్రంతా తలుపు చప్పుడు వినిపిస్తుంది. పెట్టె నడిమి భాగంలో బెర్తులు దొరికితే నిద్ర బాగుంటుంది.

దిగే స్టేషన్ విషయంలో ఇప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. సికింద్రాబాదు స్టేషన్ తిరిగి కడుతున్నందువల్ల కొన్ని బండ్లను చర్లపల్లి టెర్మినల్‌కు మార్చారు. 2025 జనవరిలో ప్రారంభమైన ఆ స్టేషన్ నగరానికి తూర్పు చివర ఉంటుంది. ఈసీఐఎల్, ఉప్పల్ వాళ్లకు మంచిదే కానీ మెహదీపట్నం వెళ్లేవాళ్లకు మళ్లీ ఒక ప్రయాణం. పండుగ స్పెషల్ బండ్లలో ఇది ఎక్కువ కనిపిస్తుంది. టికెట్ మీద స్టేషన్ పేరు చదవకుండా క్యాబ్ చెప్పేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడుతున్నారు.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదు చుట్టాలను దర్శనానికి పిలిచేవాళ్లకు కొంచెం. సర్వదర్శనం స్లాట్ టోకెన్ల మీద వచ్చేవాళ్లయితే రాత్రి బండే ఎక్కించండి. పొద్దున్నే దిగితే స్టేషన్ ఎదురుగానే ఉన్న విష్ణునివాసంలో వరసలో నిలబడొచ్చు, అక్కడ అయిపోతే బస్టాండు దగ్గర శ్రీనివాసం, అలిపిరిలో భూదేవి కాంప్లెక్స్ ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నరకు దిగే వందేభారత్ మరుసటి రోజు 300 రూపాయల టికెట్ చేతిలో ఉన్నవాళ్లకు సరిపోతుంది. రేణిగుంట నుంచి తిరుపతికి పది కిలోమీటర్లే అయినా ప్లాట్‌ఫాం ఖాళీ లేక బండ్లు అక్కడో, మధ్యలోనో నిలబడటం మామూలే, టైంటేబుల్లోనే దానికి అదనపు సమయం పెట్టి ఉంటారు. తిరుచానూరు, విమానాశ్రయం, రేణిగుంట రోడ్డు వైపు ఇళ్లున్నవాళ్లు చుట్టాలను రేణిగుంటలోనే దిగమంటే చాలు, బస్సులూ షేర్ ఆటోలూ స్టేషన్ బయటే దొరుకుతాయి.